రాతకు వెల కట్టే స్వచ్ఛంద పాఠకులు

ఖరిదాలోని మన తెలుగు ఇళ్లలో పిల్లలకు నాలుగు భాషలు వస్తాయి. ఇంట్లో తెలుగు, పక్కింట్లో బెంగాలీ, బజారులో హిందీ, బడిలో ఇంగ్లీషు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో వర్క్‌షాపు పనికోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబాలు ఖరగ్‌పూర్‌లో చాలా ఉన్నాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా కూడా ఇచ్చింది. అయినా తెలుగు మాట్లాడినంత సులువుగా రాసే పిల్లలు తక్కువే. రాస్తే మాత్రం చదివేదెవరు అని వాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే.

ఈమధ్య కాలేజీ పిల్లల దగ్గర ఇంకో ప్రశ్న వినిపిస్తోంది. ఎవరో 'బ్లాక్‌చెయిన్' వేదిక మీద కథలు, వంటలు, ఊరి ఫోటోలు పెడుతున్నారట, చదివినవాళ్లు ఓటు వేస్తే ఆ ఓటే డబ్బవుతుందట, ఇది నిజమా, మోసమా? బ్యాంకు ఉద్యోగి ఇంట్లో ఈ మాట వస్తే "క్రిప్టో జోలికి పోకు" అని తేల్చేయడం మామూలు. ఆ సలహాలో తప్పు లేదు. కానీ దానితో అసలు విషయం తెలియదు, పిల్లలకు సమాధానమూ దొరకదు. అందుకే ఈ వేదిక ఎలా నడుస్తుంది, దాని మీద మంచి రాతను వెతికి పట్టుకునే స్వచ్ఛంద జట్లు ఏం చేశాయి, 2020లో వాళ్లకు ఎదురైన గండం ఏమిటి అన్నది ఈ పాఠంలో చూద్దాం. మన వృత్తికి తెలిసిన మాటల్లోనే చెప్పుకుందాం.

అందరికీ కనిపించే డే బుక్

2016 మార్చిలో నెడ్ స్కాట్, డాన్ లారిమర్ అనే ఇద్దరు అమెరికన్లు 'స్టీమ్' అనే బ్లాక్‌చెయిన్‌ను మొదలుపెట్టారు. దాని మీద రాసుకోవడానికి, చదువుకోవడానికి తెరిచిన ముఖద్వారం పేరు 'స్టీమిట్'. అదే పేరుతో ఒక కంపెనీ కూడా ఉంది. 2016 జూలై 4న రచయితలకు మొదటి చెల్లింపు జరిగింది.

బ్లాక్‌చెయిన్ అంటే మన డే బుక్ లాంటిదే అనుకోండి. కాకపోతే ఆ పుస్తకం ఒక శాఖలో, ఒక బీరువాలో ఉండదు. దాని నకళ్లు ప్రపంచంలో చాలా చోట్ల ఉంటాయి, ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు. స్టీమ్‌లో ప్రతి 3 సెకన్లకు ఒక కొత్త పేజీ చేరుతుంది. ఆ పేజీ రాసే హక్కు ఏ క్షణాన్నైనా 21 మందికి ఉంటుంది. వాళ్లను 'విట్‌నెస్'లు, అంటే సాక్షులు అంటారు. అందులో 20 మందిని నాణేలున్న సభ్యులు ఓటు వేసి ఎన్నుకుంటారు, మిగిలిన ఒక్క స్థానం వంతులవారీగా ఇతరులకు దక్కుతుంది. ఈ 20 మంది సంగతి గుర్తుంచుకోండి, తర్వాత అవసరమవుతుంది.

ఇక రచయితకు వచ్చే డబ్బు ఎక్కడిది? ప్రకటనలు ఇచ్చిన కంపెనీది కాదు, పాఠకుడు జేబులోంచి తీసి ఇచ్చేదీ కాదు. ఈ వ్యవస్థ రోజూ కొన్ని కొత్త నాణేలను పుట్టిస్తుంది. అందులో ఒక వాటా బహుమతుల నిధికి వెళుతుంది. ఆ రోజుల్లో పడిన ఓట్లను బట్టి ఆ నిధిని పోస్టుల మధ్య పంచుతారు. కొత్త నాణెం పుట్టినప్పుడల్లా పాత నాణేల విలువ కాస్త పలచబడుతుంది కదా, అంటే బహుమతి ఖర్చు నాణేలు దాచుకున్న ప్రతివాడి మీదా కొంచెం కొంచెంగా పడుతుంది. ద్రవ్యోల్బణం గురించి మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

ఓటు విషయం ఇంకా ఆసక్తికరం. మన పంచాయతీ ఎన్నికల్లోలాగా మనిషికి ఒక ఓటు ఇక్కడ లేదు. కంపెనీ వాటాదారుల సమావేశంలోలాగా ఎన్ని నాణేలు తాళం వేసి పెట్టుకుంటే అంత బరువైన ఓటు. అలా తాళం వేసిన నాణేలను 'స్టీమ్ పవర్' అంటారు. వాటిని వెనక్కి తీసుకోవాలంటే ఒక్కసారిగా కుదరదు, 2020 మార్చి నాటికి 13 వారాల పాటు వారానికో వాయిదా చొప్పున వచ్చేవి. మొదట్లో ఇది 104 వారాలు, అంటే రెండేళ్లు. పెద్ద మూటలున్నవాళ్లను 'తిమింగలాలు' అనీ, మధ్యరకాన్ని 'డాల్ఫిన్లు' అనీ, కొత్తగా చేరినవాళ్లను 'మిన్నోలు', అంటే చిరుచేపలు అనీ అక్కడివాళ్లు పిలుచుకునేవారు. వంద చిరుచేపలు మెచ్చుకున్న వ్యాసానికి పైసల్లో రావచ్చు, ఒక్క తిమింగలం కన్ను పడితే వందల డాలర్లు రావచ్చు.

ఓటు వేసే శక్తి కూడా తరుగుతుంది. ఒక నిండు ఓటు వేస్తే ఉన్న శక్తిలో 2 శాతం ఖర్చవుతుంది. రోజుకు 20 శాతం చొప్పున మళ్లీ నిండుతుంది. అంటే రోజుకు దాదాపు పది నిండు ఓట్లు. పోస్టు పెట్టిన 7 రోజుల వరకే దానికి ఆదాయం, ఆ తర్వాత ఎంతమంది మెచ్చుకున్నా రూపాయి రాదు. వచ్చిన మొత్తంలో అప్పట్లో రచయితకు 75 శాతం, ఓటు వేసిన పాఠకులకు 25 శాతం వెళ్లేది. పాఠకుడికి కూడా వాటా ఎందుకు? మంచి రచనను వెతికిపెట్టడం కూడా ఒక పనే, దానికీ కూలి ఉండాలి అన్నది ఆలోచన. నాకు ఈ వ్యవస్థలో నచ్చిన మాట ఇదొక్కటే.

చదివేవాళ్లు కావాలి

కాగితం మీద లెక్క బాగుంది. చిక్కు ఎక్కడంటే, యంత్రం ఓట్లను కూడగలదు, వ్యాసాన్ని చదవలేదు. పెద్ద మూటలున్నవాళ్లకు రోజూ వేలకొద్దీ వచ్చే పోస్టులు చదివే తీరిక లేదు, ఓపికా లేదు. కొత్త రచయిత రెండు రోజులు కష్టపడి రాసిన వ్యాసం ఎవరి కంటా పడకుండానే ఏడు రోజులు దాటిపోతుంది. తెలిసినవాళ్లు తెలిసినవాళ్లకే ఓట్లు వేసుకుంటూ పోతారు.

ఈ ఖాళీలోకి వచ్చినవే స్వచ్ఛంద జట్లు. వాటిలో ముందుగా పేరు తెచ్చుకున్నది 2016లోనే మొదలైన 'క్యూరీ'. దాని పద్ధతి మన మేకర్–చెకర్ పద్ధతిలా ఉంటుంది. జట్టులోని సభ్యులు, వాళ్లను క్యూరేటర్లు అంటారు, కొత్తవాళ్ల పోస్టుల్లో వెతుకుతారు. పెద్దగా పేరు లేనివాడై ఉండాలి, రచన సొంతదై ఉండాలి, నాణ్యత ఉండాలి, అయినా దానికి రావాల్సినంత రాకపోయి ఉండాలి. అలాంటిది దొరికితే పేరు ప్రతిపాదిస్తారు. ఇంకొకరు దాన్ని పరిశీలిస్తారు. ఇద్దరికీ నచ్చితే పెద్ద ఓటు పడుతుంది. ఆ పెద్ద ఓటు ఎక్కడిదంటే, నాణేలున్నా చదివే తీరిక లేనివాళ్లు తమ ఓటు బరువును ఈ జట్టుకు అప్పగించారు. నాణేలు వాళ్ల పేరు మీదే ఉంటాయి, ఓటు హక్కు మాత్రం జట్టు చేతిలో. వెతికిపెట్టినందుకు క్యూరేటరుకు కొద్దిపాటి రుసుము దక్కేది, గంటల లెక్కన చూస్తే అది కూలి కిందకు రాదు.

తర్వాత ఒక్కో రంగానికి ఒక్కో జట్టు తయారైంది. విజ్ఞానశాస్త్ర వ్యాసాలకు 'స్టీమ్‌స్టెమ్'. అందులో ఆయా విషయాలు చదువుకున్నవాళ్లే సైన్సు వ్యాసాలను చూసి ఓటుకు ఎంపిక చేసేవారు. ఉచిత సాఫ్ట్‌వేర్ పనికి, దాని అనువాదాలకు 'యుటోపియన్'. అక్కడ పరిశీలకులు ప్రశ్నల పట్టిక పెట్టుకుని మార్కులు వేసి, ఆ మార్కులను బట్టి ఓటు బరువు నిర్ణయించేవారు. పరీక్ష పేపర్లు దిద్దినట్టే. 'ఓసీడీ' అనే జట్టు రకరకాల భాషల వారిని చేర్చుకుని ఆయా భాషల్లోని మంచి పోస్టులను వెతికేది. 'స్టీమ్ క్లీనర్స్' అనే జట్టు పని వీటికి అటువైపుది: దొంగ రాతలను పట్టుకోవడం. 'చీతా' అనే చిన్న ప్రోగ్రాం ఒకటి ఉండేది, ఇదే రాత ఫలానా చోట కనిపించింది చూడండి అని పోస్టు కింద ఒక గుర్తు పెట్టి వెళ్లేది. తీర్పు మాత్రం మనుషులే చెప్పాలి, ఎందుకంటే రచయితే తన పాత వ్యాసాన్ని ఇక్కడ మళ్లీ పెట్టి ఉండొచ్చు.

ఈ పరిశీలన ఎంత ఓపిక తీసుకునే పనో మన శాఖల్లో లోన్ కాగితాలు చూసేవాళ్లకు బాగా అర్థమవుతుంది. ఫోటో సొంతదా, ఎక్కడినుంచో తెచ్చి పెట్టిందా? ఒకే మనిషి నాలుగు పేర్లతో ఖాతాలు తెరిచి తనకు తానే ఓట్లు వేసుకుంటున్నాడా? ఇంగ్లీషులో ఎవరో రాసినదాన్ని తన భాషలోకి మార్చి సొంత రచన అంటున్నాడా? రెండు పేరాల వరకు బాగానే ఉండి మూడో పేరా నుంచి శైలి మారిపోయిందా? అప్పు దరఖాస్తులో మూడు నెలల జీతం స్లిప్పులకు ఒకే కలం సంతకం చూసి అనుమానపడతాం కదా, అదే చూపు ఇక్కడా కావాలి. ఆ చూపు ఉన్న మనిషి దొరకడమే కష్టం. దొరికినా, రోజుకు ఇరవై ముప్ఫై పోస్టులు చదివి అందులో ఒక్కటి ఎంచి, మిగతావాళ్ల చేత మాట పడి, మళ్లీ రేపు కూర్చోవడం ఇంకా కష్టం.

అద్దెకు దొరికే ఓటు

సంక్రాంతికి ముగ్గుల పోటీ పెట్టారనుకుందాం. జడ్జిగా వచ్చిన పెద్దావిడ ఎండలో వీధంతా తిరిగి చూస్తుంది. ఆమెకు ఇచ్చేది ఒక శాలువా. పక్కన ఇంకొకాయన కుర్చీ వేసుకుని కూర్చుని "నాకు వంద ఇవ్వండి, మీ ముగ్గుకు నూట ఇరవై విలువచేసే మార్కులు వేస్తాను" అంటే ఏమవుతుంది? రెండో ఏడాదికి ముగ్గు వేసేవాళ్లు ఉండరు, వంద తెచ్చేవాళ్లే ఉంటారు.

స్టీమ్‌లో సరిగ్గా ఇదే జరిగింది. 2017–18లో 'బిడ్ బాట్'లు వచ్చాయి. వాటికి కొంత చెల్లిస్తే ఏం రాశావని చూడకుండా పెద్ద ఓటు వేస్తాయి. పెద్ద మూటలున్నవాళ్లకు ఇది మంచి బేరం. మనసు పెట్టి చదివి ఓటు వేస్తే దక్కేది నాలుగో వంతు, ఓటు బరువును బాట్‌కు అద్దెకిస్తే కదలకుండా అంతకన్నా ఎక్కువ. వాళ్లను తిట్టి లాభం లేదు, వడ్డీ ఎక్కువ వచ్చే చోటికి డిపాజిట్ పోతుంది. ముఖపత్రంలో కనిపించే పోస్టుల్లో కొనుక్కున్న ఓట్లతో పైకి వచ్చినవి నిండిపోయాయి. క్యూరీ లాంటి జట్లు ఎంచిన వ్యాసాలు వాటి కింద పడిపోయాయి.

దీనికి మందుగా 2019 ఆగస్టులో నియమాలు మార్చారు. రచయితకూ, ఓటు వేసినవారికీ చెరిసగం చేశారు. చదివి ఓటు వేయడానికీ, అద్దెకివ్వడానికీ మధ్య తేడా తగ్గాలన్నది ఉద్దేశం. దానితోపాటు అన్యాయంగా పెరిగిన పోస్టుకు వ్యతిరేక ఓటు వేస్తే సొంత శక్తి ఖర్చు కాకుండా కొంత కోటా ఇచ్చారు. బాట్‌ల జోరు తగ్గింది. కానీ రచయితల వాటా 75 నుంచి 50కి పడిపోయింది, వాళ్లు గొణిగారు, గొణగడంలో న్యాయం ఉంది. జబ్బు తిమింగలాలది, చేదుమందు చిరుచేపలది.

ఈలోపు ధర కూడా కూలింది. 2018 జనవరి మొదట్లో ఒక్కో స్టీమ్ 8 డాలర్లు దాటింది, అదే ఏడాది చివరికి అర డాలరు కూడా లేదు. 2018 నవంబరులో స్టీమిట్ కంపెనీ తన సిబ్బందిలో 70 శాతం మందిని తీసేసింది. అదే వేదిక, అదే రచయిత, అదే నాణ్యత, బహుమతి మాత్రం పదహారో వంతుకు దిగింది. ఇది తెలిశాక కూడా రాస్తూ ఉన్నవాళ్లు ఇద్దరు రకాలు: రాయకుండా ఉండలేనివాళ్లు, వెనిజులా రచయితల్లాంటివాళ్లు. ఆ దేశంలో కరెన్సీ విలువ రోజురోజుకూ ఆవిరవుతున్న ఆ కాలంలో వారానికి రెండు మూడు డాలర్లు కూడా ఇంటికి బియ్యం, పిండి తెచ్చేవి.

పక్కింటి భాషలో

మనకు దగ్గరగా ఉన్న ఉదాహరణ బెంగాలీలోనే ఉంది. స్టీమ్ వేదిక మీద 2021లో 'ఆమార్ బాంగ్లా బ్లాగ్' అనే సమూహం ఏర్పడింది. బంగ్లాదేశ్ నుంచీ పశ్చిమ బెంగాల్ నుంచీ రాసేవాళ్లు అందులో ఉన్నారు. బెంగాలీలోనే రాయాలి, రాత సొంతదై ఉండాలి. కొత్తవాళ్లను నేరుగా బహుమతుల్లోకి దింపరు. ముందు వాళ్ల 'స్కూల్'లో మెట్టుమెట్టుగా పాఠాలు నేర్చుకోవాలి: తాళంచెవులు ఎలా దాచుకోవాలి, ఇతరుల రాతను వాడుకుంటే ఏమవుతుంది, పోస్టు ఎలా కూర్చాలి. అవి నేర్చుకున్నాకే పూర్తి సభ్యత్వం. అందరూ కలిసి మాట్లాడుకునే సభ కూడా నడుపుతారు. ఎవరు బాగా రాశారో, ఎవరు ఎక్కడ తప్పారో అక్కడే చెబుతారు.

ఇక్కడ గమనించాల్సింది డబ్బు కన్నా ముందు వాళ్లు ఏర్పాటు చేసుకున్నది: బెంగాలీ చదవగలిగిన పరిశీలకులు. తెలుగులో రాసిన ఒక మంచి కథను ఇదే వేదిక మీద పెడితే కొరియావాడో నైజీరియావాడో దానికి ఏం చూసి ఓటు వేస్తాడు? మన భాష చదివి, మంచిచెడ్డ చెప్పి, పెద్ద ఓటున్నవారికి చూపించే నలుగురు ఉండాలి. వాళ్లు లేనిచోట ఏడు రోజుల గడువు గడిచిపోవడమే.

అయితే మన భాషలో స్వచ్ఛందంగా చదివి, దిద్ది, మెచ్చుకునేవాళ్లు లేరనుకోకండి. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో పుట్టింది. అప్పటినుంచి అక్కడ రాసేవారికీ, దిద్దేవారికీ జీతం లేదు. బాగున్న వ్యాసాన్ని 'ఈ వారం వ్యాసం'గా మొదటి పేజీలో పెడతారు. శ్రమించిన సభ్యుడికి తోటి సభ్యులు ఒక పతకం బొమ్మ ఇస్తారు, దానికి మారకం విలువ సున్నా. తొలి తెలుగు విజ్ఞాన సర్వస్వానికి పూనుకున్న కొమర్రాజు లక్ష్మణరావు పేరిట సమూహమే ఒక పురస్కారం కూడా పెట్టుకుంది.

డబ్బు అక్కడికీ ఒకసారి వచ్చింది, ఇంకో రూపంలో. 2010 ప్రాంతంలో గూగుల్ సంస్థ డబ్బిచ్చి అనువాదకుల చేత ఇంగ్లీషు వ్యాసాలను భారతీయ భాషల వికీపీడియాల్లోకి అనువదింపజేసింది. వ్యాసాలు పొడుగ్గా ఉన్నాయి, భాష మాత్రం చాలాచోట్ల చదవడానికి వీల్లేకుండా ఉంది. బెంగాలీ వికీపీడియా సభ్యులు ఒప్పుకోలేదు, అలాంటి వ్యాసాలను తీసేశారు. తమిళులు ఆ సంస్థతో కూర్చుని, ఏయే వ్యాసాలు కావాలో, ఎలా దిద్దాలో మాట్లాడుకున్నారు. తెలుగులోనూ అవి చేరాయి, వాటిని ఏం చేయాలన్న చర్చ చాలాకాలం నడిచింది. రాసినవాడికి కూలి ముట్టింది సరే, చదివి ఇది పనికొస్తుందో లేదో చెప్పాల్సిన బరువంతా మళ్లీ జీతం లేనివాళ్ల మీదే పడింది. స్టీమ్‌లో జరిగినదానికీ దీనికీ ఎంత పోలికో చూడండి.

డిపాజిట్లు ఓటు వేసిన రోజు

ఇప్పుడు 2020కి వద్దాం. మన వృత్తివాళ్లు తప్పక తెలుసుకోవలసిన ఘట్టం ఇది.

స్టీమిట్ కంపెనీ దగ్గర మొదటినుంచీ చాలా పెద్ద మూట ఉంది, మొత్తం నాణేల్లో దాదాపు ఐదో వంతు. వేదిక అభివృద్ధికే దాన్ని వాడతాం, సాక్షుల ఎన్నికలో దానితో ఓటు వేయం అని కంపెనీ చెబుతూ వచ్చింది. రాతపూర్వకమైన ఒప్పందం ఏదీ లేదు, మాట మీద నడిచింది. 2020 ఫిబ్రవరి 14న 'ట్రాన్' అనే మరో క్రిప్టో సంస్థ అధిపతి జస్టిన్ సన్ స్టీమిట్‌ను కొన్నట్టు ప్రకటన వచ్చింది. కంపెనీతోపాటు ఆ మూట కూడా ఆయన చేతికి వెళ్లింది. ఇచ్చిన మాట కూడా బదిలీ అయిందా? సాక్షులకు నమ్మకం కుదరలేదు. అదే నెలలో వాళ్లు సాఫ్ట్‌వేర్‌ను మార్చి ఆ మూట కదలకుండా తాత్కాలికంగా స్తంభింపజేశారు. మన భాషలో చెప్పాలంటే ఖాతాకు డెబిట్ ఫ్రీజ్. కోర్టు ఉత్తర్వు లేకుండా ఖాతాదారు ఖాతాను ఆపడం సబబేనా అని అప్పుడే కొందరు అడిగారు. ఆ అడగడంలోనూ అర్థముంది.

మార్చి 2న ఎదురుదెబ్బ పడింది. బైనాన్స్, హువోబీ, పోలోనియెక్స్ అనే మూడు ఎక్స్ఛేంజీల్లో ఉన్న స్టీమ్ నాణేలు ఒక్కసారిగా తాళంలోకి వెళ్లి, సన్ వైపువారికి ఓట్లుగా పడ్డాయి. ఎన్నికైన 20 మంది సాక్షులూ ఆ రోజు పోయారు, వాళ్ల స్థానాల్లో ఎవరికీ తెలియని కొత్త పేర్లు వచ్చాయి. ఆ నాణేలు ఎక్స్ఛేంజీలవి కావు, వాటిలో కొనుక్కుని దాచుకున్న ఖాతాదారులవి. మీ డీమ్యాట్ ఖాతాలోని షేర్లతో డిపాజిటరీ పార్టిసిపెంటే కంపెనీ సమావేశానికి వెళ్లి తనకు నచ్చిన డైరెక్టరుకు చేయెత్తినట్టు. పైగా తాళం వేసిన నాణేలు బయటికి రావాలంటే అప్పట్లో 13 వారాలు పట్టేదని ముందే చెప్పుకున్నాం. విమర్శలు చెలరేగాక బైనాన్స్, హువోబీ తమ ఓట్లు వెనక్కి తీసుకున్నాయి.

అదే సమయంలో మన దేశంలో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. 2020 ఫిబ్రవరి 4 నుంచి బ్యాంకు డిపాజిట్లపై బీమా లక్ష రూపాయల నుంచి 5 లక్షలకు పెరిగింది. మార్చి 4న సుప్రీంకోర్టు, క్రిప్టో వ్యాపారులకు బ్యాంకులు సేవలందించకూడదన్న రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిల్ సర్క్యులర్‌ను కొట్టేసింది. మార్చి 2 సంఘటన తెలిసినవారికి ఆ సర్క్యులర్ వెనక ఉన్న జంకు అర్థమవుతుంది. ఆ ఎక్స్ఛేంజీల ఖాతాదారులకు వెళ్లి అడగడానికి అంబుడ్స్‌మన్ లేడు, డిపాజిట్ బీమా లేదు.

స్వచ్ఛంద జట్లు ఏం చేశాయి? చాలామంది లేచి వెళ్లిపోయారు. పుస్తకం నకళ్లు అందరి దగ్గరా ఉన్నాయి, సాఫ్ట్‌వేర్ అందరికీ తెరిచి ఉంది. 2020 మార్చి 20న అదే పుస్తకాన్ని కొనసాగిస్తూ 'హైవ్' అనే కొత్త బ్లాక్‌చెయిన్ మొదలుపెట్టారు. స్టీమ్‌లో ఎన్ని నాణేలుంటే హైవ్‌లో అన్ని దాదాపు అందరికీ ఇచ్చారు, కంపెనీ మూటకు ఇవ్వలేదు. దానికి సమానమైన హైవ్ నాణేలను ఉమ్మడి అభివృద్ధి నిధిలో వేశారు. పాత వ్యాసాలన్నీ అక్కడా కనిపించాయి. క్యూరీ, ఓసీడీ అటు వెళ్లాయి. స్టీమ్‌స్టెమ్ 'స్టెమ్‌సోషల్' అయింది, దొంగ రాతలు పట్టే జట్టు 'హైవ్ వాచర్స్' అయింది. అదే ఏడాది అక్టోబరులో హైవ్‌లో ఒక నియమం తెచ్చారు: కొత్తగా తాళం వేసిన నాణేలతో 30 రోజుల దాకా సాక్షుల ఎన్నికలో ఓటు వేయడానికి వీల్లేదు. ఎక్స్ఛేంజీ రాత్రికి రాత్రి ఓటరు కాకుండా వేసిన గొళ్లెం అది.

పాత స్టీమ్‌లో మే నెలలో మరో కలకలం. కొత్త సాక్షులు నియమం మార్చి 64 ఖాతాల నుంచి దాదాపు 2 కోట్ల 36 లక్షల స్టీమ్ నాణేలను లాక్కున్నారు. అవి చేరాల్సిన ఖాతాలోంచి ఎవరో వాటిని బిట్రెక్స్ అనే ఎక్స్ఛేంజీకి పంపి, ఇవి అసలు యజమానులకు తిరిగి ఇవ్వండి అని రాసి పెట్టారు. "ఎవరూ మార్చలేని పుస్తకం" అని బ్లాక్‌చెయిన్ గురించి చెప్పే మాటను ఈ రెండు ఘటనల తర్వాత కొంచెం జాగ్రత్తగా వినాలి. పాత పేజీని చెరపలేకపోవచ్చు. రేపటి పేజీలో ఏం రాయాలో మాత్రం పెన్ను ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే.

మన ఇళ్లలో అడిగితే

పిల్లలు ఇలాంటిచోట రాస్తామంటే ఏం చెప్పాలి? నా మట్టుకు నేను రాయనివ్వమంటాను, కొననివ్వొద్దంటాను. ఈ వేదికల మీద రాయడానికి నాణేలు కొనాల్సిన పని లేదు. మొదట ఇంత పెట్టుబడి పెడితే ఓటు బరువు పెరుగుతుంది అని ఎవరైనా అంటే, అక్కడితో మాట ఆపేయాలి.

ఆదాయం మీద ఆశ తక్కువ పెట్టుకోవాలి. పాఠకుల మీద ఆశ పెట్టుకుంటే మంచిది, దానికి ముందు తాము నలుగురి రాతలు చదవాలి. తెలుగులో రాయాలనుకునేవాళ్లు ముందు తెలుగు వికీపీడియాలో కొన్నాళ్లు పనిచేస్తే దిద్దుబాటు అంటే ఏమిటో, మూలం చూపడం అంటే ఏమిటో అలవడుతుంది. ఖరగ్‌పూర్ తెలుగువాళ్ల గురించి రాయాల్సింది ఇంకా చాలా ఉంది.

తాళంచెవుల సంగతి పెద్దలు దగ్గరుండి చూడాలి. ఇక్కడ ఒక ఖాతాకు వేర్వేరు తాళంచెవులుంటాయి. 'పోస్టింగ్ కీ'తో రాయొచ్చు, ఓటు వేయొచ్చు. 'యాక్టివ్ కీ'తో నాణేలు కదిలించొచ్చు. 'ఓనర్ కీ'తో మిగతా తాళంచెవులనే మార్చేయొచ్చు. రోజువారీ పనికి మొదటిదే వాడాలి, ఓనర్ కీని కాగితం మీద రాసి మన వాల్ట్ రెండో తాళంచెవిలా వేరే చోట పెట్టాలి. ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోకూడదు. పోతే తిరిగి ఇచ్చే శాఖ ఏదీ లేదు. అక్కడ పెట్టిన రాత తర్వాత తీసేసినా పాత ప్రతి పుస్తకంలో మిగిలే ఉంటుంది, అందుకే ఇంటి చిరునామా, కాలేజీ వివరాలు, ఇంట్లోవాళ్ల ఫోటోలు అందులో ఉండకూడదు. బ్యాంకు సంగతులు అసలే ఉండకూడదు.

నాణేలు వచ్చి వాటిని రూపాయల్లోకి మార్చుకుంటే పన్ను ఉంది. 2022 ఏప్రిల్ 1 నుంచి ఇలాంటి డిజిటల్ ఆస్తుల బదిలీపై వచ్చే లాభానికి 30 శాతం పన్ను, ఆపైన సెస్. ఒకదానిలో వచ్చిన నష్టాన్ని ఇంకోదాని లాభంలో సర్దుకోవడానికి లేదు. 2022 జూలై 1 నుంచి పరిమితి దాటిన బదిలీలపై 1 శాతం టీడీఎస్ కూడా కోస్తారు. 2023 మార్చి నుంచి ఎక్స్ఛేంజీలు మనీ లాండరింగ్ నిరోధక చట్టం పరిధిలోకి వచ్చాయి, ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్‌లో నమోదైనదో కాదో చూసుకున్నాకే ఖాతా తెరవాలి. పిల్లల పేరు మీద కాకుండా ఉద్యోగి పేరు మీదే రాయాలనుకుంటే, బయటి ఆదాయం గురించీ స్పెక్యులేషన్ గురించీ మన ప్రవర్తనా నియమావళి ఏం చెబుతోందో ముందు చదివి, అనుమతి అవసరమైతే హెచ్‌ఆర్ విభాగానికి రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టుకోవాలి.